వశీకరణ మంత్రం దిగిపోయాక ఆ మనిషిలో ఏం మిగులుతుంది?

కొత్తగా చదివేవాళ్ళ కోసం ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెబుతాను. మీరు గేమ్ మాస్టర్‌గా, అంటే కథ నడిపేవాళ్ళుగా, ఆడిస్తున్నది డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పాత్రలు ధరించి డైస్ వేసి ఆడే ఆట; ఐదో ఎడిషన్, 2014 రూల్స్. కోట గ్రంథాలయాన్ని చూసుకునే ఒక ఎన్‌పీసీ (గేమ్ మాస్టరే ఆడించే పాత్ర) మీద మీ ప్లేయర్ ఆడే విజార్డ్, అంటే మాంత్రికుడు, మూడు వారాల ఆట కాలంలో నాలుగుసార్లు ఛార్మ్ పర్సన్ (తనని స్నేహంగా చూసేలా చేసే వశీకరణ స్పెల్) వేశాడు. ఐదోసారి సజెషన్ (చెప్పిన పని చేయించే స్పెల్) వేసి, తాళం వేసి ఉండే అలమరలోని పుస్తకాన్ని ఆమె చేతే బయటికి తెప్పించుకున్నాడు. ఆమె మీద దీని ప్రభావం ఏమీ ఉండదా అని మీరు అడిగితే, "స్పెల్ టైమ్ అయిపోయింది, అంతకుమించి రూల్‌బుక్‌లో ఏమీ లేదు" అన్నాడు ఆ ప్లేయర్. పదేపదే వేస్తే మనసు దెబ్బతింటుందా, దానికి డైస్ వేసి ఫలితం చూసుకునే టేబుల్ (పట్టిక) ఏదైనా ఉందా అని మీ సందేహం.

మనసు అరిగిపోతుందని చెప్పే నియమం లేదు. కొత్తగా ఒకటి తయారుచేసుకోమని నేను చెప్పను కూడా. అలాగని మీ ప్లేయర్ మాటా సరికాదు. మంత్రం దిగిపోయాక కూడా జ్ఞాపకం ఉంటుంది, ఆ మత్తులో చేసిన పని ఉంటుంది. ఆ రెండింటినీ నిజాయితీగా ఆడిస్తే పిచ్చి లక్షణాలిచ్చే ఏ టేబుల్ కూడా ఇవ్వలేనంత బరువు మీ కథకి వస్తుంది. ఇరవై ఏళ్ళుగా గేమ్ మాస్టర్‌గా కూర్చుంటున్నాను, ఈ విషయంలో తప్పులు చేసే నేర్చుకున్నాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

రూల్‌బుక్‌లో ఏమీ లేదన్న మాటని ముందు చూద్దాం. ఛార్మ్ పర్సన్ చివరి వాక్యం తెరిచి మీ ప్లేయర్‌కి చూపించండి. స్పెల్ ముగిసినప్పుడు, తనని ఛార్మ్ చేసింది మీరేనని ఆ జీవికి తెలుస్తుంది. అనుమానం కలుగుతుందనో, చెక్ (డైస్ వేసి చూసే పరీక్ష) వేసి పాసైతే తెలుస్తుందనో రాయలేదు. తెలుస్తుంది, అంతే. ఫ్రెండ్స్ అనే క్యాంట్రిప్ (ఎన్నిసార్లైనా వేయగల చిన్న మంత్రం) ఇంకా కఠినం. ఒక్క నిమిషం లాభానికి బదులుగా, తన మూడ్‌ని మంత్రంతో మార్చారని అవతలి మనిషి గ్రహించి శత్రువైపోతాడు. అంటే ఈ రెండు స్పెల్స్‌లో తర్వాత జరిగే దాన్ని డిజైనర్లు స్పెల్‌లో భాగంగానే రాశారు. అదే ఆ స్పెల్‌కి ధర. మొదటి లెవెల్ స్లాట్‌తో (స్పెల్స్ వేయడానికి ఇన్నని ఉండే అవకాశాల్లో అతి చిన్నది) ఒక మనిషి మనసులో గంటసేపు చోటు దొరకడమంటే చిన్న విషయం కాదు. ఆ ధర వసూలు చేయకుండా వదిలేస్తే మీరు ఆ స్పెల్‌ని రెండో, మూడో లెవెల్ స్పెల్‌గా మార్చి ఉచితంగా ఇచ్చినట్టే.

పాత ఎడిషన్లు చూస్తే ఈ వాక్యం ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. 1974 నాటి మొదటి ఆటలో ఈ ఛార్మ్‌కి గడువే లేదు, ఎవరైనా డిస్పెల్ చేసేదాకా, అంటే మంత్రాన్ని తీసేసేదాకా, నడుస్తూనే ఉండేది. తర్వాత అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో బాధితుడి ఇంటెలిజెన్స్‌ని బట్టి ఇన్నాళ్ళకొకసారి సేవ్ (మంత్రం నుంచి తప్పించుకోవడానికి వేసే డైస్) అని పట్టిక పెట్టారు. తెలివి తక్కువైతే నెలల తరబడి, బాగా ఎక్కువైతే ఒకటి రెండు రోజులు. ఆ రోజుల్లో ఛార్మ్ అయిన మనిషంటే పార్టీ (ప్లేయర్ల పాత్రల బృందం) వెంట నడిచే ఆస్తి. మూడో ఎడిషన్‌లో అది మంత్రం వేసేవాడి లెవెల్‌కి గంట చొప్పున అయింది, ఐదో ఎడిషన్‌కి మొత్తం మీద ఒక గంట. గడువు తగ్గించిన కొద్దీ, గడువు తీరాక ఏమవుతుందన్న ప్రశ్న ముందుకొచ్చింది. నెలల తరబడి బొమ్మలా ఉన్నవాడి గురించి ఎవరూ అడగలేదు. గంట తర్వాత తేరుకుని మీ కళ్ళలోకి చూసే మనిషి గురించి మాత్రం అడగక తప్పదు.

ఇక్కడ మీ ఆటలో ఒక చిక్కు కనబడుతోంది, సూటిగానే చెబుతాను. మొదటి ఛార్మ్ ముగిసిన క్షణంలోనే ఆమెకి విషయం తెలిసింది. మరి రెండోసారి అతను ఆమె దగ్గరికి ఎలా వెళ్ళగలిగాడు? మూడోసారి? ఆ ఎన్‌పీసీ ప్రతిసారీ కొత్త మనిషిలా మొదలైంది. ప్లేయర్ "ఏమీ మిగలదు" అంటున్నాడంటే, మూడు వారాలుగా మీ టేబుల్ మీద అతను చూసింది అదే. తప్పు అతనొక్కడిది కాదు. దీన్ని సరిదిద్దే దారి ఉంది, చివర్లో చెబుతాను.

ముందు ఆ గంట పూర్తయిన క్షణాన్ని దగ్గర నుంచి చూడండి. ఏ ఎన్‌పీసీ మీద ఛార్మ్ పడినా నేను ఈ క్షణాన్ని తప్పకుండా ఆడిస్తాను, పార్టీ అక్కడ లేకపోయినా నా నోట్‌బుక్‌లో రెండు లైన్లు రాసుకుంటాను. ఆమె నిచ్చెన మీద ఉంది, పై అరలో ఒక గ్రంథం సర్దుతోంది. చెయ్యి మధ్యలో ఆగిపోయింది. కిటికీ దగ్గర కుర్చీ ఉంది. అది ఎప్పుడూ ఉండే చోటు కాదు, అతను కూర్చోవడానికి ఆమే స్వయంగా లాక్కొచ్చి వేసింది. వేస్తూ నవ్వింది కూడా. ఆ నవ్వు గుర్తుంది. నవ్వినప్పుడు కలిగిన సంతోషమూ గుర్తుంది. అది నిజమైన సంతోషమే, తనది కాదు అంతే. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని ఒక ఇంటి విషయం ఆ కుర్చీ పక్కన నిలబడి అతనికి చెప్పేసింది. మంత్రం దిగిపోతే మాట వెనక్కి రాదు. ఆమె నిచ్చెన దిగి, కుర్చీని దాని చోట పెట్టి, కాసేపు దాని వీపు పట్టుకుని నిలబడుతుంది.

పిచ్చి టేబుల్ మీద డైస్ వేస్తే ఇలాంటిది రాదు. ఛార్మ్ పర్సన్‌లో జ్ఞాపకం పోదు, అక్కడే దాని క్రూరత్వం ఉంది. తర్వాత ఆమెకి ఎదురయ్యే ప్రశ్న "నాకేమైంది" అన్నది కాదు, ఆ సంగతి ఆమెకి తెలుసు. "ఇప్పుడు నాకు ఎవరైనా నచ్చితే అది నా ఇష్టమేనని ఎలా నమ్మను?" అన్నది అసలు ప్రశ్న. ఒకసారి జరిగితే కోపం. నాలుగుసార్లు జరిగితే తన మీద తనకే నమ్మకం సడలుతుంది. కొత్తవాళ్ళతో పొడిపొడిగా మాట్లాడుతుంది, స్నేహంగా పలకరించినవాడిని ముందు అనుమానిస్తుంది, నిజంగా మంచివాడైన మీ క్లెరిక్ (పూజారి పాత్ర) కూడా ఆ అనుమానంలో పడతాడు. పార్టీ మొత్తానికి తగిలే ఫలితం ఇది, దీనికి ఒక్క కొత్త నియమం కూడా అక్కర్లేదు.

ఛార్మ్ అంటే విధేయత కాదన్నది కూడా మీ టేబుల్‌లో గుర్తుచేయండి. ఆ గంటసేపు ఆమె అతన్ని స్నేహపూర్వకమైన పరిచయస్తుడిగా చూస్తుంది, అంతవరకే. ఛార్మ్‌డ్ కండిషన్ వల్ల అతని మీద దాడి చెయ్యదు, ఆమెని మాటలతో ఒప్పించే చెక్స్‌లో అతనికి అడ్వాంటేజ్ (రెండుసార్లు డైస్ వేసి పెద్దది తీసుకునే వీలు) ఉంటుంది. పరిచయస్తుడు అడిగాడని ఉద్యోగం పోయే పని ఎవరూ చెయ్యరు. ఈ హద్దు కచ్చితంగా పాటిస్తే సగం గొడవలు పుట్టవు.

సజెషన్ దగ్గరికి వస్తే కథ మారుతుంది, నన్నడిగితే ఇదే అన్నిటికన్నా లోతైన గాయం. ఆ స్పెల్‌లో "తర్వాత తెలుస్తుంది" అన్న వాక్యం లేదు. పైగా, కంటికి కనబడే ప్రభావం లేని స్పెల్ తన మీద పడిందని బాధితుడికి తెలియకపోవచ్చని ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ విడిగా చెబుతుంది. స్పెల్‌కి మాట పలకాలి, చేతిలో పదార్థం ఉండాలి, కాబట్టి పక్కన ఎవరైనా ఉంటే పసిగట్టగలరు. కానీ ఆమె ఒంటరిగా ఉంది. వేసినవాడి కాన్సంట్రేషన్ (ఏకాగ్రత) నిలిస్తే స్పెల్ ఎనిమిది గంటల దాకా నడుస్తుంది, ఆలోపు పని పూర్తయితే అక్కడితో ముగుస్తుంది. సజెషన్‌ని సబబుగా వినిపించేలా చెప్పాలి కదా, మీ విజార్డ్ "ఆ అలమరలో చెమ్మ చేరింది, ఆ పుస్తకం నా దగ్గర ఉంటే భద్రం" అన్నాడని రాశారు. మర్నాడు పొద్దున్న ఆమెకి గుర్తుండేది ఏమిటి? తాళం తానే తీసింది. పుస్తకం తన చేతులతోనే ఇచ్చింది. అప్పుడు అది సబబుగానే అనిపించింది.

కారణం తెలియని పనికి మనిషి మనసు కారణం వెతుక్కుంటుంది. "అలిసిపోయి ఉన్నాను", "జాలిపడ్డాను", "నేను అనుకున్నంత నికార్సైనదాన్ని కాను". ఆ మూడో మాట దగ్గర ఆగండి. తనది కాని నేరాన్ని తనదిగా మోస్తున్న మనిషి ఇప్పుడు మీ కోటలో ఉంది. పుస్తకం పోయిందని బయటపడితే మంత్రం వేశారని చెప్పదు, ఎందుకంటే ఆమెకి తెలియదు. తప్పు ఒప్పుకుంటుంది. ఛార్మ్ పడిన మనిషి మీ మీద పగబడుతుంది, సజెషన్ పడిన మనిషి తన మీద తానే పగబడుతుంది. ఈ ఒక్క తేడా మీ ప్లేయర్‌కి చెప్పండి, ఆట బయటే చెప్పండి. అతను రెండో లెవెల్ స్లాట్‌తో ఏం చేశాడో అప్పుడు తెలుస్తుంది.

అయితే మీ విషయంలో ఆమెకి ఒక ఆధారం ఉంది. ఇదే మనిషి ముందు నాలుగుసార్లు ఛార్మ్ వేశాడని తెలుసు. ఐదోసారీ అతనే వచ్చాడు, తర్వాత పుస్తకం లేదు. తెలివైన మనిషికి లెక్క కుదరడానికి ఎన్నాళ్ళు పడుతుంది? నేనైతే మూడు రోజులు ఇస్తాను.

జ్ఞాపకాన్ని మార్చే మోడిఫై మెమొరీ స్పెల్‌తో మొత్తం తుడిచేస్తాం అని మీ పార్టీ తర్వాత అనే అవకాశం ఉంది కాబట్టి దాని హద్దులు చెబుతాను. ఐదో లెవెల్ స్లాట్‌తో వేస్తే గడిచిన 24 గంటల్లోని, పది నిమిషాలకి మించని ఒక్క సంఘటన మాత్రమే మార్చగలరు. ఆరో లెవెల్‌తో ఏడు రోజులు, ఏడుతో ముప్ఫై రోజులు, ఎనిమిదితో ఏడాది, తొమ్మిదితో ఎప్పటిదైనా సరే. కానీ ఎంత పాతదైనా పది నిమిషాల హద్దు మారదు. కొత్త జ్ఞాపకాన్ని మాటల్లో వర్ణించాలి, అది అవతలివాళ్ళకి అర్థమయ్యే భాషలో ఉండాలి, వర్ణన పూర్తయ్యేలోపు స్పెల్ ముగిస్తే ఏదీ మారదు. పొంతన లేని జ్ఞాపకాన్ని కలగా కొట్టిపారేస్తారని గేమ్ మాస్టర్ నిర్ణయించవచ్చు. రిమూవ్ కర్స్ గానీ గ్రేటర్ రెస్టోరేషన్ గానీ వేస్తే అసలు జ్ఞాపకం తిరిగొస్తుంది.

జ్ఞాపకం మారినా ప్రపంచం మారదు, ఇది ఈ స్పెల్ వేసేవాళ్ళు మరిచిపోయే సంగతి. అలమరలో ఖాళీ అలాగే ఉంటుంది. రిజిస్టర్‌లో ఆమె చేతిరాతతో ఒక పద్దు ఉంటుంది, రాసిన గుర్తు మాత్రం ఉండదు. మీ దగ్గర వాడుకోవడానికి ఇంతకన్నా మంచి దృశ్యం లేదు: తన రాతను తానే గుర్తుపట్టి, ఎప్పుడు రాశానో గుర్తురాక, సిరా మీద వేలు పెట్టి చూసుకునే మనిషి.

ఇంకో స్పెల్ గురించి హెచ్చరించాలి, అది ఆజ్ఞ వేసి కట్టేసే గియాస్. ముప్ఫై రోజులు నడుస్తుంది. ఆజ్ఞ మీరితే రోజుకి ఒకసారి 5డి10 (పది ముఖాల డైస్ ఐదు వేసి కూడినంత) సైకిక్ డ్యామేజ్, అంటే మనసుకి తగిలే దెబ్బ. ప్లేయర్ క్యారెక్టర్లకి ఇది నొప్పి, భరించి బతుకుతారు. మాన్‌స్టర్ మాన్యువల్‌లోని మామూలు మనిషికి ఉండేది 4 హిట్ పాయింట్లు (ప్రాణబలం). ఐదు డైస్ మీదా ఒకట్లే పడినా 5 వస్తుంది. అంటే ఒక సాధారణ ఎన్‌పీసీ మీద గియాస్ వేయడమంటే, నెల రోజుల పాటు మీరిన క్షణంలో చచ్చిపోతావని మెడ మీద కత్తి పెట్టడమే. "చంపలేదు కదా, మాట తీసుకున్నాం అంతే" అని ఒక పార్టీ నా ముందు అన్నప్పుడు డైస్ తీసి వాళ్ళ చేతిలో పెట్టాను. లెక్క చూశాక ఆ సెషన్ మిగతాదంతా ఆ గియాస్‌ని తీయించడానికి క్లెరిక్ కోసం వెతకడంతోనే సరిపోయింది.

ఇప్పటిదాకా చెప్పింది ఎన్‌పీసీల సంగతి. అదే మంత్రం ప్లేయర్ క్యారెక్టర్ మీద పడితే నేను పూర్తిగా వేరే పద్ధతి పాటిస్తాను. క్యారెక్టర్ మీద అధికారం అన్నది ప్లేయర్‌కి ఈ ఆటలో ఉన్న ఒకే ఒక్క ఆస్తి. మంత్రం దాన్ని కాసేపు లాక్కుంటుంది. తర్వాత ప్రభావం ఇదీ అని మీరే నిర్ణయిస్తే రెండోసారి లాక్కున్నట్టు అవుతుంది. నేను మొదట్లో చేసిన తప్పు ఇదే. డామినేట్ పర్సన్ (మనిషిని పూర్తిగా అదుపులోకి తీసుకునే స్పెల్) కింద పడి తన స్నేహితుడినే పొడిచిన ఒక ఫైటర్‌కి, డంజన్ మాస్టర్స్ గైడ్‌లోని దీర్ఘకాలిక పిచ్చి టేబుల్ మీద నేనే డైస్ వేసి లక్షణం ఇచ్చాను. ఆ ప్లేయర్ రెండు సెషన్లు తల వంచుకుని ఆడాడు, తర్వాత రావడం మానేశాడు. అతను చేయని పనికి నేను శిక్ష వేశాను. ఇప్పటికీ అది నాకు బాధగానే ఉంటుంది.

చాలా ఏళ్ళ తర్వాత మరో టేబుల్‌లో, ఒక పాలాడిన్ (ప్రతిజ్ఞ పట్టిన యోధ పాత్ర) మీద వాంపైర్ ఛార్మ్ పడింది. అది 24 గంటలు ఉంటుంది, వాంపైర్‌ని నమ్మదగిన స్నేహితుడిగా చూపిస్తుంది, కాటుకి కూడా మెడ ఇప్పిస్తుంది. రాత్రి ఆమె లోపలి నుంచి గడియ తీసింది. వాంపైర్ చచ్చాక ఆట ఆపి ఆ ప్లేయర్‌ని ఒక్క ప్రశ్న అడిగాను: "ఆమెకి ఏది మిగిలిందో మీరు చెబుతారా, లేక ఏమీ మిగలకూడదనుకుంటున్నారా?" రెండు జవాబులూ సమ్మతమేనని ముందే చెప్పాను. కాసేపు ఆలోచించి ఆ ప్లేయర్ ఇలా అంది: "గడియ తీసినప్పుడు నాకు చాలా హాయిగా అనిపించింది. అది గుర్తుంది. నా దేవుడి ముందు ప్రార్థించినప్పుడు కూడా నాకు ఎప్పుడూ అంత హాయిగా లేదు." టేబుల్ చుట్టూ ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఏడాది పాటు ఆ క్యారెక్టర్ రాత్రి కాపలా తీసుకోలేదు, గడియ వేసి ఉందో లేదో వేరేవాళ్ళ చేత చూపించుకునేది. నేను రాసి ఇచ్చి ఉంటే ఇందులో పదో వంతు కూడా వచ్చేది కాదు.

అంకెల్లో గుర్తు కావాలనుకుంటే వేరే ఆటల నుంచి అరువు తెచ్చుకోవచ్చు. ఫేట్‌లో మానసిక దెబ్బని మీరే పేరు పెట్టి కాన్సీక్వెన్స్‌గా రాసుకుంటారు, తేలికది త్వరగా పోతుంది, తీవ్రమైనది చాలాకాలం ఉంటుంది. ప్లేయర్‌తో మాట్లాడి పేరు పెడతారు కాబట్టి నాకు అది నచ్చుతుంది. అన్‌నోన్ ఆర్మీస్‌లో నిస్సహాయతకి వేరే మీటర్ ఉంటుంది, అందులో ప్రతి దెబ్బకీ మనిషి తట్టుకుని మొద్దుబారవచ్చు, లేదా తట్టుకోలేక చితికిపోవచ్చు. రెండూ గుర్తులే. మొద్దుబారడం కూడా నష్టమేనని ఒప్పుకున్న ఆట అది. కాల్ ఆఫ్ కథుల్హు ఆటలోని శానిటీ (మానసిక స్థిమితం) పాయింట్లు మాత్రం ఇక్కడికి తేవద్దు. ఒకే దెబ్బకి ఐదో అంతకన్నా ఎక్కువో పాయింట్లు పోతే తాత్కాలిక పిచ్చి వచ్చే ప్రమాదం అన్న లెక్క, చూడకూడనిది చూసిన భయానికి కట్టింది. మోసపోయిన మనసుకి అది అతకదు.

ఒక్క మాట సెషన్ జీరో (ఆట మొదలయ్యేముందు హద్దులు మాట్లాడుకునే రోజు) గురించి. తన ఇష్టం లేకుండా తన మనసుని ఇంకొకరు నడిపించడం కొందరికి ఆట కాదు, నిజ జీవితంలో తగిలిన గాయం. ఛార్మ్‌తో ప్రేమ పుట్టించడం, పక్క మీదికి తీసుకెళ్ళడం లాంటివి నా టేబుల్‌లో ఎవరి క్యారెక్టర్‌కీ, ఏ ఎన్‌పీసీకీ జరగవు. మొదటి రోజే చెప్పేస్తాను, చర్చ పెట్టను. మిగతావాటికి, ఇబ్బంది అనిపిస్తే ఎవరైనా కారణం చెప్పకుండా దృశ్యం ఆపమనవచ్చు.

ఇక మీ చిక్కు. జరిగిపోయిన మూడు వారాలని రద్దు చేయకండి. ఆమె మొదటిసారి నుంచీ తెలిసే ఊరుకుంది అని నిర్ణయించుకోండి, ఎందుకు ఊరుకుందో ఒక్క వాక్యంలో రాసుకోండి. భయం కావచ్చు, ఒక విజార్డ్ మీద ఫిర్యాదు చేస్తే ఎవరు నమ్ముతారన్న అనుమానం కావచ్చు. నాకైతే ఇంకోటి తోస్తోంది: ఆ గంటల్లో అతను చెప్పిన మాటలు ఆమె కూడా విన్నది. స్నేహితురాలి ముందు మాట్లాడినట్టు అతనూ ఎన్నో వాగి ఉంటాడు. పార్టీ ఎక్కడ దిగింది, ఆ పుస్తకం ఎందుకు కావాలి, ఎవరి కోసం. మీ పాత సెషన్ నోట్స్ తిరగేసి అతను నిజంగా ఏమన్నాడో ఏరుకోండి. ఆమె మర్చిపోలేదు.

వచ్చే సెషన్‌కి ముందు మీ ప్లేయర్‌తో ఐదు నిమిషాలు మాట్లాడండి. "ఛార్మ్ ముగిసిన ప్రతిసారీ ఆమెకి తెలిసింది, నేను దాన్ని సరిగ్గా ఆడించలేదు, ఇకనుంచి ఆడిస్తాను" అని చెప్పండి. చెప్పకుండా ఒక్కసారిగా సైనికులని దింపితే అది మీ తప్పుకి అతన్ని శిక్షించడం. చెప్పాక అతను గ్రంథాలయానికి వెళ్తే, ఆమె బల్ల దగ్గరే ఉంటుంది, ఈసారి పక్కన ఇంకొకరు కూర్చుని ఉంటారు, అర్కానా (మంత్రవిద్య) తెలిసినవాళ్ళు. అతను ఏ అక్షరం పలికినా, ఏ పదార్థం తీసినా చూడటానికి. ఆమె మర్యాదగానే పలకరిస్తుంది. కూర్చోమని మాత్రం అనదు. ఏ పుస్తకం కావాలో రాసిమ్మని కాగితం ముందుకు తోస్తుంది.

అప్పుడు అతను క్షమాపణ అడిగితే ఏం చెయ్యాలని మీరు తప్పకుండా అడుగుతారు. పర్స్యుయేషన్ రోల్ (ఒప్పించడానికి వేసే డైస్) అడగకండి. పుస్తకం తెచ్చి ఇచ్చాడో లేదో చూడండి, ఆమె మోస్తున్న నేరం తనదేనని పై అధికారి ముందు ఒప్పుకున్నాడో లేదో చూడండి. అవి చేస్తే, ఇదే తరహా ఆటైన పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లోని ఛార్మ్ స్పెల్ ఒక అవకాశం చెబుతుంది: మంత్రం ముగిశాక కూడా మామూలు దారిలో ఆ స్నేహాన్ని నిలుపుకోవచ్చని. అక్కడ ఆ మాట, ఛార్మ్ అయ్యానని గ్రహించని మనిషికి వర్తిస్తుంది. మీ ఆటలో ఆమెకి అన్నీ తెలుసు, కాబట్టి చాలా నెలలు పడుతుంది. నేనైతే ఆ నెలలని ఆడిస్తాను.